చిన్న కోడి

గురువారం నాడు గ్యాసు మనిషి వచ్చి పొయ్యికి ఎర్ర అట్ట కట్టిపోయాడు. బాయిలర్ చూడటానికి వచ్చినవాడు, వెళ్ళబోతూ వంటగదిలోకి తొంగిచూసి పొయ్యి కింది ఓవెన్ ఒకసారి వెలిగించమన్నాడు. నీలంగా ఉండాల్సిన మంట పసుపుగా లేచింది. అతను వంగి లోపలి గోడ మీద వేలు రాసి, నల్లగా మసి అంటిన వేలిని కీత్‌కి చూపించాడు. వెనక గొట్టానికి మూత బిగించి, ఓవెన్ తలుపు పిడికి అట్ట తగిలించి, దీన్నిక ఎవరూ వెలిగించకూడదన్నాడు. బాగు చేయించవచ్చా అని కీత్ అడిగితే, దీని విడిభాగాలు ఇప్పుడెక్కడా దొరకవన్నాడు. అయినా చాలా సేవ చేసిందండీ అని కూడా అన్నాడు, ముసలి కుక్క గురించి చెప్పినట్టు.

ఆ ఇంట్లో కీత్ హాలస్ కంటే ఆ పొయ్యే పాతకాపు. లొరేన్ మొదటి పెళ్ళినాటిది. లొరేన్‌ని చేసుకుని, రెండు పెట్టెలూ ఒక పుస్తకాల బీరువా తీసుకుని కీత్ ఈ ఇంట్లో అడుగుపెట్టేసరికే వంటగదిలో ఆ పొయ్యీ, దాని పక్కన తొమ్మిదేళ్ళ జోడీ ఉన్నారు. ఇద్దరూ అతన్ని అనుమానంగానే చూశారు.

లొరేన్ అక్టోబరులో పోయింది. ఇప్పుడు మార్చి.

గ్యాసు మనిషి బండి వీధి మలుపు తిరిగాక కీత్ వంటగదిలో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పొయ్యి పోయినందుకు కాదు. ఆదివారం జోడీ వస్తోంది.

మంగళవారం ఫోను చేసింది. ఆదివారం ఖాళీగా ఉంటావా అని అడిగింది. ఉంటానన్నాడు. అయితే వస్తాను, పై గదిలో నా సామాను ఉండిపోయింది కదా, సర్దుకుని తీసుకెళ్తాను అంది. మంచిది అన్నాడు కీత్. ఫోను పెట్టేశాక ఆ మాట అక్కడ సరైనది కాదని తోచింది. పిల్లలు రాసిన జవాబుల్లో అక్కర్లేని మాటలు కొట్టివేయడం అతనికి ముప్పై ఏళ్ళ అలవాటు. తన మాటల్నయితే నోటిదాకా రాకముందే కొట్టేసుకుంటాడు. చివరికి మిగిలేది సాధారణంగా 'మంచిది' అనే.

లొరేన్ ఉన్నన్నాళ్ళూ ప్రతి ఆదివారం లీడ్స్ నుంచి జోడీ రైల్లో వచ్చేది. ముందు పుడ్డింగులు వడ్డించేవారు. అవి తీపివి కావు. పిండి, గుడ్లు, పాలు కలిపి పొగలు కక్కే కొవ్వులో పోస్తే ఓవెన్లో గిన్నెల్లా పొంగేవి. ఆ గిన్నె నిండా గ్రేవీ పోసుకుని తినేశాకే కోడి బల్ల మీదికి వచ్చేది. లొరేన్ అమ్మమ్మ కాలం నుంచీ ఆ వరస మారలేదు. అంత్యక్రియల తర్వాత కూడా జోడీ కొన్ని వారాలు వచ్చింది. కీత్ దుకాణంలో శాండ్‌విచ్‌లు కొనిపెట్టాడు. తర్వాత ఒకసారి పబ్బుకు వెళ్ళారు. బస్సు కోసం నిలబడ్డ ఇద్దరు పరిచయస్థుల్లా ఎదురెదురుగా కూర్చుని, మాంసం బాగుందన్నారు, బంగాళాదుంపలు బాగున్నాయన్నారు. క్రిస్మస్ తర్వాత ఆమె రావడం ఆగిపోయింది. ఏ గొడవా లేదు.

ఇద్దరి మధ్యా రక్తసంబంధం లేదు. ఉన్నదల్లా ఆదివారం. పై గది కూడా ఖాళీ అయిపోతే ఆ అమ్మాయికి ఈ వీధిలోకి రావలసిన పని ఉండదు. పుట్టినరోజుకు ఒక కార్డు, క్రిస్మస్‌కు ఒక కార్డు వస్తాయి. అవి మానకుండా వస్తాయని కూడా అతనికి తెలుసు, జోడీని పెంచింది లొరేన్ కాబట్టి. అందుకే ఫోను వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే అనుకుంటున్నాడు. శాండ్‌విచ్ కాదు, పబ్బు కాదు. ఆ బల్ల మీద నిండు కోడిని పెట్టాలి. అప్పుడు ఏమవుతుందో తెలియదు గాని, అది పెట్టకపోతే ఏమవుతుందో మాత్రం తెలుసు.

ఇప్పుడు పొయ్యికి ఎర్ర అట్ట వేలాడుతోంది.

*

సాయంత్రం చెత్తడబ్బా బయట పెట్టడానికి పెరట్లోకి వెళ్తే, పక్కింటి మొరీన్ పిట్టగోడకు అవతల సిద్ధంగా ఉంది. ఆ వరస ఇళ్ళలో అందరికంటే పెద్దది. ఆమెకు తెలియకుండా ఆ వీధిలోకి పిల్లి కూడా రాదు.

"పొయ్యి పోయిందటగా నాయనా."

"మీకెవరు చెప్పారు?"

"బండి చూశాను. టీ తాగి పోవాల్సినవాడు గంటన్నర ఉన్నాడు. ఇక నీ మొహం మిగతాది చెబుతోంది."

ఆదివారం జోడీ వస్తోందని కీత్ చెప్పాడు. సామాను సంగతి చెప్పలేదు. ఒక్క పూటకు మీ ఓవెన్ వాడుకోవచ్చా అని అడిగాడు. మొరీన్ అతన్ని జాలిగా చూసింది. కరెంటు బిల్లు చూసిన రోజు నుంచీ తన ఓవెన్ని ముట్టుకోలేదని, అందులో మూకుళ్ళు దాచుకుంటున్నానని చెప్పింది. తనేం వండినా వేడిగాలితో వేయించే ఎయిర్ ఫ్రయర్లోనే, తనే కాదు, వీధి వీధంతా అంతేనట.

"నువ్వొక్కడివే మిగిలావు, బొగ్గు రైలు డ్రైవర్లాగ. అయినా మీ ఇంట్లోనూ ఒకటి ఉండాలే. జోడీ తెచ్చింది కదూ? లొరేన్ చెప్పి చెప్పి నవ్వింది."

ఉంది. మెట్ల కింది అరలో, అట్టపెట్టెకు వేసిన టేపు కూడా ఊడకుండా ఉంది.

లొరేన్ పోవడానికి ముందటి క్రిస్మస్‌కు జోడీ దాన్ని పెద్ద రిబ్బను కట్టి తెచ్చింది. లొరేన్ కాగితం విప్పి, పెట్టె మీది బొమ్మ చూసి, ఇది కోడిని కాల్చే యంత్రమా, జుట్టు ఆరబెట్టుకునే యంత్రమా అంది. అందరూ నవ్వారు. జోడీ కూడా నవ్వింది. కాని చిరిగిన కాగితాలన్నీ ఏరి సంచిలో వేసే పని ఆ ఏడు ఎప్పటికంటే ముందే మొదలుపెట్టింది. పెట్టె బీరువా పైకి ఎక్కింది.

దాన్ని కిందికి దించింది కీత్. ఆఖరి సెప్టెంబరులో, ఓవెన్ ముందు వంగి లేవడానికి లొరేన్ బల్ల పట్టుకోవలసి వస్తున్న రోజుల్లో, ఒక సాయంత్రం తనే అడిగింది. ఆ అమ్మాయి తెచ్చిన డబ్బాని దించు కీత్, బల్ల మీద పెట్టుకుంటే వంగక్కర్లేదు, వచ్చే ఆదివారం అందులోనే వండుదాం, దానికి చెప్పకు, వచ్చి చూసుకుంటుంది అంది. అతను దించి మెట్ల కింద పెట్టాడు. ఆ ఆదివారం రాకముందే ఆసుపత్రికి వెళ్ళారు. ఆ తర్వాత జోడీకి ఆ సంగతి చెప్పే వేళ ఏదో కీత్‌కి తెలియలేదు. ఆసుపత్రిలో చెప్పే మాట కాదది, అంత్యక్రియల్లో అంతకన్నా కాదు. పబ్బులో మెనూ పట్టుకుని చెప్పేదీ కాదు.

*

శనివారం ఉదయం మాంసం కొట్టుకు వెళ్ళాడు. కొట్టు క్రెయిగ్‌ది. పదిహేనేళ్ళ కిందట కీత్ తరగతిలో ఆఖరి బల్ల మీద కూర్చుని ప్రపంచ పటంలో నదులన్నిటినీ ఉత్తరానికి పారించిన క్రెయిగ్. ఇప్పటికీ సార్ అనే పిలుస్తాడు.

"ఎప్పటిదేనా సార్?"

"ఎప్పటిదే."

అలవాటుగా వచ్చేసిన మాట. క్రెయిగ్ పెద్ద కోడిని కాగితంలో చుట్టి ఇచ్చాడు. ముగ్గురు తినగా సోమవారం శాండ్‌విచ్‌లకు, మంగళవారం సూపుకు మిగిలే కోడి అది. ఇంటికి తెచ్చి, టేపు కోసి, యంత్రాన్ని బయటికి తీసి, సొరుగు లాగి చూసేదాకా కీత్‌కి తట్టలేదు. కోడి అందులో పట్టలేదు. అడ్డంగా పెట్టాడు, నిలువుగా పెట్టాడు, కాళ్ళు మడిచాడు. బిగించి మూస్తే రొమ్ము పైభాగం వేడెక్కే తీగకు ఆనుకునేలా ఉంది. ముక్కలు కొట్టి పెట్టెయ్యమంది మొరీన్, గోడ మీంచి చూసి. ముక్కలైతే వద్దన్నాడు. బల్ల మీద కోసి వడ్డించాలి. లేకపోతే అది ఆదివారం కాదు.

మళ్ళీ కొట్టుకు వెళ్ళాడు. జనం ఉన్నారు. తన వంతు వచ్చేదాకా నిలబడి, కాగితం పొట్లం గల్లా మీద పెట్టి, ఇంతకంటే చిన్నది కావాలి అన్నాడు. ఎందుకో చెప్పలేదు. క్రెయిగ్ కూడా అడగలేదు. లోపలికి వెళ్ళి ఇద్దరికి సరిపోయే కోడిని తెచ్చి తూచాడు. చుడుతూ చుడుతూ, తల ఎత్తకుండా, తక్కిన వాళ్ళకు వినపడనంత గొంతుతో అన్నాడు.

"అమ్మ పోయాక మా నాన్న కూడా ఏడాదిపాటు పెద్దదే కొన్నాడు సార్. నా సొంత కొట్టులో. వద్దని ఎలా చెప్పను? ఆ ఏడు మా కుక్కకి మెడ కనపడకుండా పోయింది."

కీత్ నవ్వాడు. ఇంటికి వచ్చే దారంతా ఆ చిన్న పొట్లం చేతిలో మరీ తేలికగా అనిపించింది.

ఆ సాయంత్రం వంటగది తుడిచాడు. కిటికీ గట్టు తుడిచేటప్పుడు, ఎప్పటిలాగే, ఒక్క చోట గుడ్డ పోనివ్వకుండా పక్కనుంచి తిప్పాడు. అక్కడ ఒక పంగ ఎముక ఉంది. కోడి రొమ్ము ముందు రెండు కొమ్మలుగా ఉంటుందే, అది. ఆ ఇంట్లో ప్రతి ఆదివారం దాన్ని తీసి, కడిగి, కిటికీలో ఆరబెట్టేవారు. పచ్చిది విరిస్తే కోరిక ఫలించదట. వారం ఎండాక, వచ్చే ఆదివారం లొరేన్ ఒక కొమ్మ, జోడీ ఒక కొమ్మ చిటికెన వేలితో పట్టి లాగేవారు. పెద్ద ముక్క ఎవరికి వస్తే వాళ్ళు కోరుకోవాలి. కిటికీలో ఉన్నది లొరేన్ ఆఖరుసారి వండిన కోడిది. చాలినంతకంటే ఎక్కువే ఎండింది. లాగడానికి ఆదివారం రాలేదు.

*

ఆదివారం పొద్దున యంత్రంతో వచ్చిన చిన్న పుస్తకాన్ని కీత్ రెండుసార్లు చదివాడు. కోడిని రొమ్ము కిందికి ఉండేలా పెట్టాలి, సగం వేగాక సొరుగు తెరిచి తిప్పాలి అని ఉంది. చదివి పక్కన పెట్టాడు.

రాసినవాడెవడోగాని లొరేన్‌ని ఎరిగినవాడు కాదు. లొరేన్ కోడి ఎప్పుడూ రొమ్ము పైకే ఉండేది. పైగా తెరవడం. ఆ ఇంట్లో ఆదివారం ఒకే ఒక్క శాసనం ఉండేది. కోడి లోపలికి వెళ్ళింది మొదలు పుడ్డింగులు బయటికి వచ్చేదాకా ఓవెన్ తలుపు మీద లొరేన్ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడకూడదు. చల్లగాలి తగిలితే పొంగిన పుడ్డింగు కూలిపోతుంది. పెళ్ళయిన మొదటి ఏడు, సాయం చేద్దామని కీత్ ఒకసారి ఆ తలుపు తెరిచాడు. ఆ మధ్యాహ్నం ముగ్గురూ రొట్టెల్లా అణిగిపోయిన పుడ్డింగులు తిన్నారు. సోమవారానికి జోడీ ఆ కథను బడంతా చెప్పేసింది. తర్వాత ప్రతి క్రిస్మస్‌కు ఎవరో ఒక చుట్టం ముందు ఆ కథ మళ్ళీ వచ్చేది. ఆ తలుపును అతను మళ్ళీ ముట్టలేదు.

అందుకని అన్నీ లొరేన్ చేసినట్టే చేశాడు. తోలు కింద వెన్న దూర్చాడు, ఉప్పు రాశాడు, పొట్టలో సగం నిమ్మకాయ పెట్టాడు. రొమ్ము పైకి ఉంచి, సొరుగు మూసి, మీట తిప్పాడు. యంత్రం హోరుమంది. నిజంగానే జుట్టు ఆరబెట్టేదాని చప్పుడే. లొరేన్ అన్న మాట గుర్తొచ్చి కాసేపు అక్కడే నిలబడ్డాడు. తర్వాత బల్ల మీద రెండు పళ్ళేలు పెట్టి, కుర్చీలో కూర్చుని, సొరుగును చూస్తూ ఉండిపోయాడు. అద్దం లేని సొరుగు అది. లోపల ఏమవుతోందో చెప్పదు.

కొంతసేపటికి వచ్చిన వాసన బాగుంది. మరికొంతసేపటికి అంత బాగా లేదు. సన్నగా పొగ మొదలయ్యే వేళకు జోడీ వచ్చింది. చంకలో మడతపెట్టిన అట్టపెట్టెల కట్ట, మణికట్టుకు గాజులా టేపు చుట్ట.

"ఏదో మాడుతోంది కీత్."

"కోడి."

ఆమె పెట్టెల్ని గోడకు ఆనించి ఓవెన్ వైపు నడిచింది. ఎర్ర అట్ట చూసి ఆగింది. రెండు వైపులా చదివింది. పిడి మీద అరచెయ్యి ఆనించి, ఎప్పుడని అడిగింది. గురువారమన్నాడు. నాకు చెప్పలేదేం అంది. చెబితే రావేమో అనుకున్నాడు గాని, ఆ మాటను ఎప్పటిలాగే కొట్టేసుకున్నాడు. అప్పుడు ఆమె చూపు బల్ల మీద హోరెత్తుతున్న దాని మీద పడింది.

"ఇది నేను తెచ్చినదేనా?"

"అదే."

ఆమె మొహంలో ఏదో కదిలి సర్దుకుంది. పొగ చూసి కిటికీ తెరిచింది. కోడిని తిప్పావా అని అడిగింది. లేదన్నాడు.

"ఒక్కసారైనా తెరిచి చూశావా?"

"తెరవలేదు."

"ఎందుకు?"

 కీత్ కళ్ళు ఓవెన్ తలుపు వైపు వెళ్ళాయి. జోడీ ఆ చూపు వెంటే అటు చూసింది. మళ్ళీ అతన్ని చూసింది. ముందు ఆమె భుజాలు కదిలాయి. తర్వాత బల్ల అంచు పట్టుకుంది. నవ్వు ఆపుకోలేక, ఊపిరి అందక, కాళ్ళు చాపుకుని ఓవెన్‌కి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది.

"అందులో పుడ్డింగులు లేవు కీత్."

"తెలుసు."

"తెరిస్తే తిట్టడానికి అమ్మ కూడా లేదు."

అని ఆగిపోయింది. నవ్వు ఎక్కడ ఏడుపయిందో కీత్ చెప్పలేడు. గిన్నెలు తుడిచే గుడ్డ అందించాడు. ఆమె దాంతో మొహం తుడుచుకుంది. చాలాసేపే పట్టింది. అతను పక్కనే నిలబడి ఉన్నాడు. భుజం మీద చెయ్యి వేయవచ్చునో లేదో ఆలోచించి, చివరికి తనూ మోకాళ్ళు పట్టుకుని నేల మీద ఆమె పక్కన కూర్చున్నాడు. పొయ్యి ఇద్దరి వీపులకూ చల్లగా తగిలింది.

"లే," అంది జోడీ చివరికి. "శవపరీక్ష చేద్దాం."

సొరుగు తెరిచారు. కోడి పైభాగం బూటు తోలులా ఉంది. గరిటెతో ఎత్తి చూస్తే కింద తెల్లగా, తొడ దగ్గర ఇంకా గులాబీ రంగులోనే ఉంది. కీత్ దాన్ని కాసేపు చూసి, ఫలితం బాగులేని జవాబు పత్రం పక్కన పెట్టినట్టు గరిటె కింద పెట్టాడు. కోటు తెస్తాను, పబ్బుకు వెళ్దామన్నాడు.

"పబ్బు వద్దు."

"అక్కడ తినడానికి—"

"పోయినసారి నువ్వు నాకు మెనూ చదివి వినిపించావు. పైకి. మొదటి పేజీ నుంచి. నాకు ఇరవై ఆరేళ్ళు."

ఏదో ఒకటి మాట్లాడాలని చదివానన్నాడు కీత్. తెలుసు అంది జోడీ, పుడ్డింగుల పేజీ కూడా బాగా చదివావు అని వెక్కిరించింది, చేతులు కడుక్కుంటూ. మాడిన తోలును కత్తితో గీకి తీసేశారు. రెండు పెద్ద చెంచాలతో ఆమె ఒక వైపు, అతను ఒక వైపు పట్టి కోడిని బోర్లా తిప్పారు. అది జారి సొరుగులో చతికిలబడింది. జోడీ వేడి తగ్గించి సొరుగు మూసింది. రెండు నిమిషాలు కాకుండానే మళ్ళీ తెరిచి, మూసింది.

"ఇప్పుడెందుకు తెరిచావు?" అన్నాడు.

"తెరవచ్చని నీకు చూపించడానికి."

*

తొడ లోపల ఉడకడానికి ఇంకా ముప్పావు గంటైనా పడుతుంది. మొరీన్ గోడ మీంచి తన యంత్రంలో వేయించిన బంగాళాదుంపల గిన్నె అందించింది. మాంసం ఉడికిందో లేదో చూసే సూది కూడా ఇచ్చింది. పొగ చూశాను, అంబులెన్సు పిలవనా, మంటలార్పే బండి పిలవనా అని అడిగింది. రెండూ వద్దు, నువ్వుంటే చాలు అని జోడీ గోడ మీదికి వంగి ఆమె బుగ్గ మీద ముద్దు పెట్టుకుంది.

లోపలికి వచ్చాక ఇద్దరికీ పని లేదు. యంత్రం మాత్రం హోరుమంటోంది. జోడీ కుర్చీలో కూర్చుని దాని మీది అంకెలు చూస్తోంది. దీన్ని ఇష్టపడదని తనకు కొన్నప్పుడే తెలుసునని, అయినా అమ్మ వంగుతుంటే నడుము పట్టుకోవడం అప్పటికే చూసి కొన్నానని చెప్పింది. జుట్టు యంత్రం అంటుందని మాత్రం ఊహించలేదట. మామూలుగానే అంది. కాని వేలు బల్ల మీద ఒకే చోట గీస్తోంది.

కీత్ లేచి కెటిల్ పెట్టాడు. దాని వైపే తిరిగి నిలబడి మొదలుపెట్టాడు. మధ్యలో ఒక్క మాట కూడా కొట్టివేయలేదు. సెప్టెంబరులో ఒక సాయంత్రం అని మొదలై, దించు కీత్ అన్నది, వంగక్కర్లేదన్నది, దానికి చెప్పకు వచ్చి చూసుకుంటుంది అన్నది, అన్నీ లొరేన్ అన్న వరసలోనే చెప్పాడు. దించి మెట్ల కింద పెట్టానని, ఆ వారమే ఆసుపత్రికి వెళ్ళామని చెప్పి ఆగాడు. కెటిల్ మరిగి దానంతట అదే ఆగిపోయింది.

"వచ్చి చూసుకుంటుంది అందా?" అని అడిగింది జోడీ.

"అలాగే అంది."

ఆమె ఆ మాటను ఇంకోసారి మెల్లగా అనుకుంది.  కీత్ టీ కలిపి ఆమె ముందు పెట్టాడు. ఆమె కప్పు రెండు చేతులతో పట్టుకుని, ఇల్లు అమ్ముతావనుకున్నాను అంది. ఒక్కడికి ఇంత ఇల్లెందుకని, చిన్నది చూసుకుంటావని, తన సామాను అడ్డమవుతుందని అనుకుందట. నీ అంతట నువ్వు తీయమని అడగవు కదా, అందుకే నేనే తీద్దామని వచ్చానంది.

కీత్ తలుపు దగ్గర గోడకు ఆనించి ఉన్న అట్టపెట్టెల్ని చూశాడు.

"గది ఖాళీ చెయ్యొద్దు జోడీ."

ఆమె తల ఎత్తింది.

"సామాను ఉన్నా, లేకపోయినా. అది నీ గది. నేను వచ్చేసరికే నీది."

"మంచిది," అంది జోడీ, అచ్చం అతని గొంతుతో. ఇద్దరూ నవ్వారు, పెద్దగా ఏం కాదు.

సూది గుచ్చితే అంకె సరిపోయింది. తొడ దగ్గర కారిన రసం తేటగా ఉంది. కోడిని తీసి పక్కన పెట్టి, సొరుగు అడుగున చేరిన కొవ్వూ రసమూ గిన్నెలోకి వంచి, కెటిల్ నీళ్ళు పోసి, పొడి కలిపి గ్రేవీ చేశాడు కీత్. జోడీ ఊరుకోలేక పిండి కలిపింది. చిన్న గిన్నెల్లో కొవ్వును ఆ యంత్రంలోనే కాచి, అందులో పిండి పోసి పుడ్డింగులు పెట్టింది. ఈసారి ఎవరూ తెరవలేదు. తెరవకపోయినా అవి పొంగలేదు. మధ్యలో గుంటలు పడి, నాణేల్లా బయటికి వచ్చాయి. అయినా వరస తప్పకుండా ముందు వాటినే గ్రేవీలో ముంచుకుని తిన్నారు. నువ్వు తెరిచిన ఏడు ఇంతకంటే మెరుగ్గా ఉన్నాయి అంది జోడీ.

అప్పటికి మధ్యాహ్నం వాలింది. కోడి అందంగా లేదు. పైతోలు సగం లేదు, ఒక రెక్క విరిగింది. కీత్ లొరేన్ కత్తి తీసి, నిలబడి కోశాడు. రొమ్ము ముక్క జోడీ పళ్ళెంలో పెట్టాడు. బోర్లా వేగినంతసేపూ రసమంతా దానిలోకే దిగింది. ఆమె నమిలి, ఆగి, కిటికీ వైపు, పైకప్పు వైపు, ఎవరైనా వింటున్నారా అన్నట్టు చూసింది.

"అమ్మ చేసినదానికంటే మెత్తగా ఉంది."

కీత్ కూడా తిని చూశాడు. లొరేన్ కోడి రొమ్ము ఎప్పుడూ పొడిగానే ఉండేది. గ్రేవీ అంత పోసుకునేది అందుకే. అన్నేళ్ళూ ఆ మాట ఆ బల్ల దగ్గర ఎవరూ అనలేదు.

"రికార్డులోకి ఎక్కించకు," అన్నాడు.

ఇద్దరికీ అది సరిగ్గా సరిపోయింది. సోమవారానికి ఏమీ మిగల్లేదు. ఎముకల్లోంచి జోడీ పంగ ఎముకను వెతికి తీసి, కుళాయి కింద కడిగింది. చిన్న కోడిది కదా, అగ్గిపుల్లంత ఉంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, అక్కడ పాతదాన్ని చూసి ఆగింది. వేలితో తాకలేదు. ఎప్పటిదని అడగలేదు కూడా. కీత్ గిన్నెలు కడుగుతూ వెనక్కి తిరిగి చూడలేదు. కాసేపటికి ఆమె కొత్త ఎముకను పాతదాని పక్కనే, తగలకుండా, ఎండ పడే చోట పెట్టింది.

"వచ్చే ఆదివారానికి ఎండుతుందిగా?"

"ఎండుతుంది," అన్నాడు కీత్. "అవతలి కొమ్మ ఎవరు లాగుతారు?"

"ఎవరుంటే వాళ్ళు. మొరీన్‌కి ఇస్తే ఏం కోరుకుంటుందో, భయం."

రైలు వేళకు ఆమె కోటు వేసుకుంది. అట్టపెట్టెల కట్ట చంకలో పెట్టుకోబోయి, మళ్ళీ ఇంత దూరం మోయడం ఎందుకంది. ఎయిర్ ఫ్రయర్ ఇక బల్ల మీదే ఉంటుంది కనక మెట్ల కింద చోటుంది. పెట్టెల్ని విప్పకుండానే అందులోకి తోసింది. టేపు చుట్ట మణికట్టుకే ఉండిపోయిందని వీధి చివర చూసుకుని, అక్కణ్ణుంచే చెయ్యి ఎత్తి చూపించింది. ఉంచుకో అన్నట్టు కీత్ చెయ్యి ఊపాడు.

ఇప్పటికి చాలా ఆదివారాలు గడిచాయి. క్రెయిగ్ ఎప్పటిదేనా సార్ అని అడిగితే, చిన్నదే తీసి చుడుతున్నాడు. కోడి సగంలో తిరుగుతోంది, సొరుగు తెరుచుకుంటోంది. కొత్త ఎముకలు వారం వారం కిటికీలో ఎండుతున్నాయి, విరుగుతున్నాయి. పెద్ద ముక్క ఎక్కువగా జోడీకే వస్తోంది. పొయ్యి ఎర్ర అట్టతో ఉన్నచోటే ఉంది. పుడ్డింగులు ఇంకా పొంగలేదు. గట్టు మీది పాత ఎముకను ఇంతవరకు ఎవరూ విరవలేదు.